రొట్టె మీద అనుమానం

1887 అక్టోబరు 5న లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే వైద్యుడు, ఇవాళ మనం సీలియాక్ అని పిలిచే ఒక జబ్బు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఏడాది నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లల్లో ఎక్కువగా కనిపించే జబ్బు అది. విరేచనం పాలిపోయిన రంగులో, నురగగా, భరించలేని వాసనతో, తిన్నదానికి పొంతన లేనంత అవుతుంది. తొడలు, పిరుదులు చిక్కిపోతాయి. పొట్ట మాత్రం ఉబ్బుకొస్తుంది. ఎదుగుదల ఆగిపోతుంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి సాగి చాలామంది పిల్లల్ని తీసుకుపోతుంది. కపదోకియాకు చెందిన అరేటియస్ అనే గ్రీకు వైద్యుడు క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లోనే ఇలాంటి జబ్బును వర్ణించి ఉన్నాడు. గీ దాన్ని పిల్లల మంచాల పక్కన నిలబడి ఒక్కొక్క లక్షణంగా పట్టి చూపించాడు.

ఈ జబ్బు నయం కావడమంటూ జరిగితే అది పథ్యంతోనే జరగాలని కూడా గీ తేల్చి చెప్పాడు. ఒక పిల్లవాడికి రోజూ లీటరుకు పైగా కొలతతో హాలండు నుంచి వచ్చే సముద్రపు ఆల్చిప్పల మాంసం పెడితే బ్రహ్మాండంగా కోలుకున్నాడట. ఆల్చిప్పల కాలం అయిపోగానే మళ్ళీ జబ్బు తిరగబెట్టింది. మరుసటి ఏడు ఎంత బతిమాలినా పిల్లవాడు వాటిని ముట్టలేదు. ఏదో తిన్నందువల్ల బాగయ్యాడని గీ అనుకున్నాడు. అవి తిన్నన్నాళ్ళూ ఇంకేమి తినలేదన్న వైపు ఆయన చూపు పోలేదు. ఆయన రాసిన పథ్యంలో బియ్యం, సగ్గుబియ్యం, మొక్కజొన్న పిండి కూడవు. పలచగా కోసి రెండువైపులా బాగా కాల్చిన రొట్టె పరవాలేదు. ఇవాళ సీలియాక్ పిల్లల తల్లులకు డాక్టర్లు చెప్పేదానికి ఇది సరిగ్గా తలకిందులు.

గీ తెలివిని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. పథ్యమే మందు అని పట్టుకున్న మనిషికి కూడా ఏ పథ్యమో ఎందుకు అందలేదో ఆలోచించాలి. ఐరోపాలో రొట్టె అంటే తిండి. మనింట్లో పిల్లవాడికి కడుపు బాగోకపోతే నూనె మీద, పచ్చడి మీద, బయటి చిరుతిండి మీద అనుమానం వస్తుంది కానీ అన్నం మీద వస్తుందా? జబ్బుపడ్డ పిల్లవాడికి మెత్తగా ఉడికించి పెట్టేదే అన్నం. అక్కడ రొట్టె అలాంటిది. దాని మీద అనుమానం రావడానికి గీ తరవాత ఇంకో యాభై ఏళ్ళు, ఆ అనుమానం రుజువు కావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

ఆ నడుమ కాలంలో ఎక్కువమంది పిల్లల ప్రాణాలు నిలిపిన పథ్యం అరటిపండుది. 1924లో న్యూయార్క్ వైద్యుడు సిడ్నీ హాస్ దాన్ని ప్రకటించాడు. రొట్టె, బిస్కెట్లు, బంగాళదుంప, ధాన్యాలు అన్నీ ఆపి, పిల్లలకు రోజూ బాగా మాగిన అరటిపళ్ళు పెట్టించాడు. పిల్లలు కోలుకున్నారు, ఒళ్ళు చేశారు. ఘనతంతా అరటిపండుకే దక్కింది. పథ్యంలో చేర్చినదాన్ని లోకం చూసింది, తీసేసినదాన్ని చూడలేదు. బాగయ్యాక పిల్లలు మామూలు తిండి తినవచ్చని హాస్ నమ్మాడు. అలా మళ్ళీ రొట్టెకు తిరిగివెళ్ళిన పిల్లల పేగుల్లో ఏం జరిగేదో చూసే సాధనం అప్పటికి లేదు. గోధుమే కారణమని రుజువైన తరవాత కూడా ఆయన తన మాట వదల్లేదు.

రొట్టెను అనుమానించిన మనిషి పేరు విల్లెం కారెల్ డికె. 1905లో డచ్చి పట్టణం డోర్‌డ్రెక్ట్‌లో పుట్టాడు. లైడెన్‌లో వైద్యం చదివి, ద హేగ్ నగరంలోని యూలియానా పిల్లల ఆసుపత్రిలో పిల్లల వైద్యంలో తర్ఫీదు పొందాడు. 1936లో, ముప్పై ఒక్కేళ్ళకే, ఆ ఆసుపత్రికి పెద్ద అయ్యాడు. ఆ రోజుల్లోనే ఒక తల్లి ఆయనతో ఒక మాట అంది. తన సీలియాక్ బిడ్డకు రొట్టె ఆపితే ఒంటి మీది దద్దుర్లు త్వరగా తగ్గుతున్నాయని. ఈ సంగతి డికె భార్య తరవాతి కాలంలో గుర్తుచేసుకుని చెప్పింది. ఆ కథనంలో తల్లి పేరు లేదు. నాకు మాత్రం ఈ చరిత్ర మొత్తంలో అందరికన్నా ముందు నిలబెట్టాల్సిన మనిషి ఆమే అనిపిస్తుంది. రోజూ పిల్లకు ముద్ద పెడుతూ, ఏది పెట్టినప్పుడు ఏమవుతోందో కనిపెట్టింది. డాక్టరు దగ్గర చెప్పింది. ఆ డాక్టరు ఆమె మాటను తోసిపారేయలేదు. రెండోది కూడా చిన్న విషయం కాదు.

1930ల నడుమ నుంచే డికె గోధుమ లేని పథ్యాన్ని ఆసుపత్రి పిల్లలకు పెట్టి చూస్తూ వచ్చాడు. 1941లో డచ్చి వైద్య పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. అప్పటికి దేశం జర్మన్ల చేతిలో ఉంది. హాస్ చెప్పిన అరటిపళ్ళు, స్విట్జర్లాండ్ వైద్యుడు ఫాంకోని చెప్పిన పండ్లు, కూరగాయల పథ్యం మంచివంటారు కానీ ఇప్పుడు అవి దొరకడం లేదని, అందుకని తాను ఒక తేలిక పథ్యం వాడుతున్నానని రాశాడు. రొట్టె, రస్కులు బొత్తిగా కూడవు. రోజుకు రెండుసార్లు వేడి భోజనం పెట్టవచ్చు. మూడోపూట గోధుమపిండి కలపని జావ. అంతే. యుద్ధం అరటిపళ్ళను దూరం చేసింది. వాటి మాటున దాగిన అసలు విషయం బయటికి కనిపించడం మొదలైంది.

ఆ తరవాత వచ్చింది 1944–45 చలికాలం. డచ్చివాళ్ళు దాన్ని ఆకలి చలికాలం అంటారు. మిత్రరాజ్యాల సేనలకు తోడుగా 1944 సెప్టెంబరులో రైల్వే కార్మికులు సమ్మె చేశారు. దానికి కక్ష తీర్చుకుంటూ జర్మన్లు పడమటి జిల్లాలకు ఆహారం రానివ్వలేదు. ఆ ఆంక్ష సడలించేసరికి కాలువలు గడ్డకట్టి పడవలు ఆగిపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్, ద హేగ్ లాంటి నగరాల్లో జనం చక్కెర దుంపలు, తులిప్ పూల దుంపలు ఉడికించుకు తిన్నారు. సుమారు 20 వేల మంది చనిపోయారు. అంత కరువులో, డికె ఆసుపత్రిలోని సీలియాక్ పిల్లలు మాత్రం మెరుగుపడ్డారు. రొట్టె లేదు కాబట్టి. తరవాత స్వీడన్ నుంచి సాయంగా పిండి వచ్చింది, ఏప్రిల్ చివర్లో విమానాలు ఆహారాన్ని జారవిడిచాయి. దొరికిన మొదటి రొట్టెను అందరూ జబ్బు పిల్లలకే ప్రేమగా ఇచ్చారు. ఆ పిల్లలు వెంటనే మళ్ళీ జబ్బుపడ్డారు.

సీలియాక్ గురించి ఎక్కడ చదివినా ఈ కథ ఉంటుంది. కరువులో తళుక్కున దొరికిన నిజంగా దీన్ని చెబుతారు. అలా చెప్పడం నాకు నచ్చదు. కరువు రావడానికి ముందే డికె దగ్గర అనుమానం ఉంది, పథ్యం ఉంది, అచ్చయిన వ్యాసం ఉంది. అది లేకపోతే ఆ చలికాలంలో కొందరు పిల్లలు ఎందుకు తేరుకున్నారో ఎవరి కంటికీ ఆనేది కాదు. పైగా కరువు రుజువు కాదు. కరువులో రొట్టె ఒక్కటే కాదు, చక్కెర, పాలు, మాంసం, వెన్న అన్నీ కరువే. ఏది లేనందువల్ల బాగయ్యారని అడిగితే జవాబు లేదు. రుజువు యుద్ధం అయిపోయాక, ఉట్రెక్ట్‌లో, చాలా ఓపికతో, పిల్లల మలాన్ని తూచి రాబట్టారు.

అక్కడ డికెకు ఇద్దరు తోడయ్యారు. ఒకరు వైయర్స్ అనే పిల్లల వైద్యుడు. ఇంకొకరు వాన్ డి కామర్ అనే రసాయన శాస్త్రవేత్త. సీలియాక్ పిల్లలు తిన్న కొవ్వు ఒంటపట్టకుండా మలంలో పోతుంది. ఎంత పోతోందో లెక్కకడితే జబ్బు ఎంత ఉందో తెలుస్తుంది. కానీ అంతకుముందు ఆ లెక్కకు మలాన్ని ఎండబెట్టాలి, రోజులు పడుతుంది. పచ్చి మలంలోనే కొవ్వును త్వరగా కొలిచే పద్ధతిని వాన్ డి కామర్ 1949లో ప్రకటించాడు. వాసనకు ముక్కు మూసుకునే ఆ పని వల్లే అసలు ప్రశ్నకు జవాబు దొరికింది.

ప్రయోగం తీరు ఇది. పిల్లకు పెట్టే తిండి అంతా రోజూ ఒకటే, కొలిచి పెడతారు. మలం అంతా వృథా పోకుండా సేకరిస్తారు. రోజుల తరబడి కొవ్వు లెక్క రాస్తారు. తరవాత ఆ తిండిలో ఒక్కటే మారుస్తారు. బియ్యప్పిండి చేరిస్తే కొవ్వు లెక్క కదల్లేదు. బంగాళదుంప పిండి, మొక్కజొన్న పిండి చేర్చినా కదల్లేదు. గోధుమపిండి చేర్చారు. వెంటనే కాదు, కొన్ని రోజులకు మలంలో కొవ్వు పెరిగింది, పిల్ల ఆకలి తగ్గింది, బరువు ఆగింది. గోధుమ తీసేస్తే మళ్ళీ నెమ్మదిగా తేరుకుంది. రై పిండి కూడా గోధుమ లాగే చెరుపు చేసింది. డికె ఈ లెక్కలతో, పిల్లల ఎత్తూ బరువుల గీతలతో 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి తన సిద్ధాంత గ్రంథాన్ని సమర్పించాడు. ఆ గీతల్లో ఒక పిల్ల రొట్టె తిన్న నెలలూ తినని నెలలూ మెట్లు దిగినట్టూ ఎక్కినట్టూ విడివిడిగా కనిపిస్తాయి.

గోధుమలో ఏది? ఇక్కడ ఎవరైనా వంటింట్లో చేసి చూడగలిగిన పని ఒకటి ఉంది. గోధుమపిండిని చపాతీకి కలిపినట్టు గట్టిగా కలిపి, కాసేపు నాననిచ్చి, ఆ ముద్దను సన్నటి నీళ్ళ ధార కింద పట్టుకుని పిసుకుతూ పోవాలి. తెల్లటి పాల లాంటి నీళ్ళు కారిపోతాయి. అది గంజి పదార్థం. నీళ్ళు తేటపడేసరికి చేతిలో సాగే, లాగితే వెనక్కి పోయే, బూడిదరంగు జిగురు మిగులుతుంది. అదే గ్లూటెన్. బొలోన్యా నగరంలో బెక్కారి అనే ఆచార్యుడు ఈ పని చేసి చూపించిన సంగతి 1745లో అచ్చయింది. రొట్టె పొంగడానికి, చపాతీ చిరగకుండా సాగడానికి, పరోటా పొరలు విడివడడానికి కారణం ఈ జిగురే. ఉట్రెక్ట్‌లో కారిపోయిన గంజిని పిల్లలకు పెట్టి చూశారు. ఏమీ కాలేదు. చేతిలో మిగిలిన జిగురు పెట్టారు. జబ్బు తిరిగొచ్చింది. అదే సమయంలో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ వైద్య బృందం, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన షార్లట్ ఆండర్సన్ అనే వైద్యురాలు అందులో ఉంది, ఇదే పని చేసి 1952లో లాన్సెట్ పత్రికలో అదే జవాబు ప్రకటించింది. 1953లో డికె, వైయర్స్, వాన్ డి కామర్ మరో అడుగు వేసి, జిగురులో ఆల్కహాలులో కరిగే భాగం గ్లయడిన్ అసలు దోషి అని చూపించారు. డికె 1962లో, యాభై ఏడేళ్ళకే చనిపోయాడు.

గోధుమ దోషం తెలిసింది కానీ అది లోపల ఏం చేస్తుందో అప్పటికి ఎవరూ చూడలేదు. చనిపోయినవాళ్ళ పేగు గంటల్లోనే పాడైపోతుంది కాబట్టి శవపరీక్షలో కనిపించేది నమ్మడానికి లేదు. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్‌లో జాన్ పాలీ అనే వైద్యుడు కడుపు కోసి శస్త్రచికిత్స చేస్తున్నప్పుడు చిన్నపేగు లోపలి పొర నుంచి చిన్న ముక్క తీయించి సూక్ష్మదర్శిని కింద చూశాడు. 1954లో ఆ సంగతి రాశాడు. చిన్నపేగు లోపల మామూలుగా సన్నటి వేళ్ళలాంటి ముడతలు లక్షల్లో ఉంటాయి. తిన్నది ఒంటికి పట్టేది వాటి ద్వారానే. ఈ రోగుల్లో అవి వాచి, చెడి ఉన్నాయి. 1956లో లండన్‌లో మార్గట్ షైనర్ నోటి నుంచి గొట్టం పంపి ముక్క తీసే పద్ధతి తెచ్చింది. మరుసటి ఏడు అమెరికన్ సైనిక వైద్యుడు క్రాస్బీ, మింగడానికి వీలైన చిన్న లోహపు గుళిక చేయించాడు. దానిలో స్ప్రింగుతో కదిలే చిన్న కత్తి ఉంటుంది. కోత అవసరం లేకుండానే పేగు ముక్క చేతికి వచ్చింది. రోగి గోధుమ తింటున్నప్పుడు ఆ వేళ్ళు అరిగి చదునైపోయి కనిపించాయి. మానేసిన కొన్నాళ్ళకు తిరిగి మొలిచాయి. ఈ చిత్రాలతో పెద్దవాళ్ళలో ఏళ్ళ తరబడి పేరు తెలియక నలిగిన జబ్బు కూడా ఇదేనని రుజువైంది.

మిగతాది త్వరగా చెప్పుకోవచ్చు. 1989లో ఓస్లోలో లుడ్విగ్ సోలిడ్ బృందం, ఈ రోగుల్లో దాదాపు అందరికీ డీక్యూ2 అనే రోగనిరోధక గుర్తు ఉందని తేల్చింది. మిగిలిన కొద్దిమందిలో డీక్యూ8 ఉంటుంది. 1997లో బెర్లిన్‌లో డీటరిక్, షుప్పాన్‌లు, రోగి ఒళ్ళు తన సొంత పేగులోని టిష్యూ ట్రాన్స్‌గ్లూటమినేజ్ అనే ఎంజైము మీదే దాడి చేస్తోందని కనుక్కున్నారు. ఇవాళ ఆసుపత్రిలో రాసే టీటీజీ రక్తపరీక్ష అక్కడి నుంచి వచ్చిందే. 2002లో స్టాన్‌ఫర్డ్‌లో చైతన్ ఖోస్లా బృందం, గ్లయడిన్‌లో 33 అమైనో ఆమ్లాల పొడవున్న ఒక తునక మన జీర్ణరసాలకు లొంగకుండా నిలబడిపోతుందని చూపించింది. అందరి కడుపులోనూ అది అలాగే అరగకుండా పోతుంది. సీలియాక్ ఉన్నవాళ్ళ పేగు మాత్రం దాన్ని శత్రువుగా చూసి తననే కాల్చుకుంటుంది. అందుకే ఇది మామూలు అజీర్ణం కాదు, అలర్జీ కూడా కాదు. కొంచెం తింటే కొంచెమే నష్టం అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ఇటలీలో జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు తిన్నవాళ్ళ పేగు దెబ్బతింది. చపాతీలో తుంపిన గోరంత ముక్కలో అంత ఉంటుంది. గ్లూటెన్ లేని ఆహారం అని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని కోడెక్స్ అంతర్జాతీయ ప్రమాణం 2008లో నిర్ణయించింది. మన ఆహార భద్రతా సంస్థ కూడా అదే అంకె పెట్టింది.

ఇది తెల్లవాళ్ళ జబ్బు అని చాలాకాలం అనుకున్నారు. ఉత్తర భారత పిల్లల్లో ఉందని 1966లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. ఢిల్లీ పరిసరాల్లో జరిగి 2011లో ప్రచురితమైన సర్వేలో దాదాపు 96 మందికి ఒకరికి ఉన్నట్టు తేలింది. 2016లో వచ్చిన మరో అధ్యయనం ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో 23 వేలకు పైగా పెద్దవాళ్ళను పరీక్షించింది. ఉత్తరాన వెయ్యికి ఎనిమిది మందికి పైగా, ఈశాన్యాన నలుగురైదుగురు. దక్షిణాన పదివేలకు ఒకరు. జబ్బుకు దారితీసే జన్యువులు మూడుచోట్లా ఇంచుమించు సమానమే, నూటికి ముప్పైకి పైగా మందిలో ఉన్నాయి. తేడా పళ్ళెంలో ఉంది. ఉత్తరాన సగటున రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే, దక్షిణాన 25 గ్రాములు. ఈశాన్యంలో గోధుమ 37 గ్రాములే అయినా జబ్బు దక్షిణం కన్నా చాలా ఎక్కువ. కాబట్టి గోధుమ ఒక్కటే లెక్క కాదు, ఇంకేదో కూడా ఉంది.

దక్షిణాన తక్కువ అన్న మాట మన ఇళ్ళల్లో ఒక్కోసారి చేటు చేస్తుంది. తెలుగువాళ్ళ పళ్ళెం ఇప్పుడు పూర్తిగా అన్నం పళ్ళెం కాదు. పొద్దున ఉప్మా, రాత్రి చపాతీ, బడికి బ్రెడ్డు, సాయంత్రం నూడిల్స్, బిస్కెట్లు. షుగర్ వచ్చిన ఇంట్లో అన్నం మానేసి గోధుమకు మారమని ఎందరో చెబుతారు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా రక్తం పెరగని అమ్మాయికి, వయసుకు తగ్గ ఎత్తు రాని అబ్బాయికి, ఏళ్ళుగా గ్యాస్ అనుకుంటున్న పెద్దావిడకు ఇక్కడ గోధుమ మీద అనుమానం ఆఖరున వస్తుంది. ఇనుము ఒంటపట్టేది చిన్నపేగు మొదటి భాగంలోనే, ఈ జబ్బు మొదట దెబ్బతీసేదీ అక్కడే. విరేచనాలు లేకుండా రక్తహీనత ఒక్కటే కనిపించే వాళ్ళు చాలామంది ఉంటారు.

జబ్బు తేలాక ఇంటి సంగతి. తెలుగు వంటిల్లు ఈ పథ్యానికి చాలా అనుకూలం. అన్నం, ఇడ్లీ, మినప గారెలు, పెసరట్టు, రాగి సంకటి, జొన్న రొట్టె, సర్వపిండి, కొర్రన్నం, అరిసెలు, సున్నుండలు, పూతరేకులు. పంజాబులో ఇదే జబ్బున్న పిల్లకు ఇంత సుఖం లేదు. అయితే పెసరట్టులోకి పెట్టే ఉప్మా గోధుమ రవ్వది. రవ్వ దోశ, మైసూరు బజ్జీ, తాపేశ్వరం కాజా, సేమ్యా పాయసం, రంజాన్ హలీమ్, అన్నీ గోధుమే. మిర్చి బజ్జీ శనగపిండిదే కానీ మైసూరు బజ్జీ వేగిన మూకుట్లోనే అదీ వేగుతుంది. మాడుగుల హల్వాకు గోధుమలు నానబెట్టి రుబ్బి పాలు తీస్తారు. గంజి హానికరం కాదని ఉట్రెక్ట్‌లో తేలింది నిజమే, అయితే అది జిగురును పూర్తిగా కడిగేసి శుద్ధి చేసిన గంజి. హల్వా పాలు అలాంటివి కావు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది ఇంగువ. అసలు ఇంగువ చెట్టు వేరు నుంచి కారే జిగురు, దాని ఘాటు భరించలేం. కాబట్టి బజారులో దొరికే ముద్ద ఇంగువలో, పొడిలో మైదాగానీ బియ్యప్పిండిగానీ కలిపి అమ్ముతారు. మైదా కలిపిన ఇంగువ పడితే పులిహోర, దద్దోజనం, పప్పుచారు, ఇంగువ పోపేసిన మాగాయ అన్నీ లెక్కలోకి వస్తాయి. డబ్బా వెనక చిన్నక్షరాలు చదివి బియ్యప్పిండి కలిపినది తెచ్చుకోవాలి. పిండి మర ఇంకో చోటు. జొన్నలు మంచివే, కానీ ముందు వచ్చినవాళ్ళ గోధుమలు ఆడిన రాతిలోనే అవీ ఆడతాయి. కొందరు తల్లులు ముందు తమ బియ్యం కాసిన్ని మరలో ఆడించి, ఆ పిండి వేరే పెట్టి, తరవాత జొన్నలు పోయిస్తారు. అయినా పూర్తి భరోసా లేదు. కుదిరితే ఇంట్లోనే చిన్న మర పెట్టుకోవడం మేలు. బార్లీ మాల్టు ఉన్న పాలపొడులు, సోయా సాస్, ఇంట్లో అందరికీ వాడే చపాతీ పీట, జల్లెడ, ఒక్కొక్కటీ చూసుకోవాలి. గ్లూటెన్ ఫ్రీ తిండి ఒక సరదాగా మారడం వల్ల కొంత మేలు జరిగింది, సరుకు దొరుకుతోంది. కానీ కొంచెం తింటే ఏం కాదులే అని వడ్డించేవాళ్ళు కూడా పెరిగారు. ఆ మాట పిల్ల పేగుకు నిజంగా దెబ్బ.

అన్నిటికన్నా కష్టం ప్రసాదం. నాకు తెలిసిన ఒక ఇంట్లో గృహప్రవేశానికి సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నారు. ఎనిమిదేళ్ళ పిల్లకు సీలియాక్ అని అప్పటికి కొద్ది నెలల కిందటే తేలింది. నెయ్యి, చక్కెర, జీడిపప్పు వేసిన గోధుమ రవ్వ ప్రసాదం పళ్ళెంలో పెట్టి ఉంది. వాళ్ళ అమ్మమ్మకు భయం. కథలో కళావతి ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తినందుకే కదా భర్త ఉన్న పడవ మునిగింది.

"ఒక్క పలుకు నోట్లో వేసుకో తల్లీ, వద్దనకూడదు," అంది.

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి ఏం చెప్పాలో తెలియక పురోహితుడి వైపు చూసింది.

"అమ్మగారూ, గోధుమ లేకపోతే బియ్యప్పిండితో చేసుకోమని వ్రత విధానంలోనే ఉందండీ," అన్నాడాయన. "ముందే చెబితే నైవేద్యమే అలా పెట్టించేవాణ్ణి. పాపకు ఆ అరటిపండు ఇవ్వండి, అదీ ప్రసాదమే."

అమ్మమ్మ వెంటనే పండు ఒలిచి పిల్ల చేతిలో పెట్టింది. తరవాతి ఏడు అదే ఇంట్లో బియ్యపు రవ్వ వేయించి ప్రసాదం చేశారు. అందరికీ అదే. ఇంట్లో ఒక్కరి కోసం వేరే గిన్నె పెట్టడం కన్నా ఇది ఎంతో మంచి పద్ధతి. వేరే గిన్నె అంటే గరిటె కలుస్తుంది, పిల్ల కూడా పంక్తిలో ఒంటరి అవుతుంది.

ఇదంతా చదివాక ఇంట్లో ఎవరి లక్షణాలో గుర్తొస్తే, రేపటి నుంచే గోధుమ మానిపించాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి పరీక్షకు ముందు మానవద్దు. పాలీ, షైనర్, క్రాస్బీ చూపించిన సంగతే ఇక్కడ అడ్డొస్తుంది. గోధుమ ఆపిన కొన్ని వారాలకు రక్తంలో యాంటీబాడీలు తగ్గుతాయి, నెలలకు పేగు వేళ్ళు తిరిగి మొలుస్తాయి. అప్పుడు టీటీజీ పరీక్ష చేసినా, ఎండోస్కోపీతో ముక్క తీసి చూసినా ఏమీ కనిపించకపోవచ్చు. జబ్బు ఉందో లేదో తేలక, మళ్ళీ వారాల తరబడి గోధుమ తినిపించి పరీక్ష చేయాల్సి వస్తుంది. మామూలుగా తింటూ పేగు జబ్బుల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ముందు రక్తపరీక్ష, అవసరమైతే తరవాత ఎండోస్కోపీ. ఉందని తేలితే పథ్యం జీవితాంతం, హాస్ అనుకున్నట్టు బాగయ్యాక ఆపేసేది కాదు. తోబుట్టువులకు, తల్లిదండ్రులకు కూడా అదే రక్తపరీక్ష చేయించాలి, వాళ్ళకు ఏ లక్షణమూ లేకపోయినా సరే.